హార్టు షేపు నొక్కులో పెద్దన్నయ్య

ముందుగా తప్పులకు మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చి మూడేళ్ళే అయింది. ఒకచోట పడాల్సిన ఒత్తు ఇంకోచోట పడుతుంది, దీర్ఘాలు మరిచిపోతుంటాను. రాయడం కూడా నత్తనడకే. ఈ కాస్తా రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. మా మేనకోడలు చదివి కొన్ని తప్పులు దిద్దింది. మాటలు మాత్రం నావే. "నేను, నేను" అని రాస్తుంటే పెన్ను కదలడం లేదు. అందుకని ఎవరో పక్కింటావిడ సంగతి చెప్తున్నట్టు "అత్త" అని రాశాను. చదివేవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ఆ రోజు పొద్దున్నుంచీ కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. రెండోసారి పోయినప్పుడే అత్త మనసు కీడు శంకించింది.

స్టూడియో పెద్దదేమీ కాదు. రోడ్డు మీదికి గాజు తలుపు, లోపల కౌంటరు, కౌంటరు వెనక కంప్యూటరు, మూలన తెల్ల తెర, గొడుగుల్లాంటి రెండు లైట్లు. గోడ నిండా నమూనాలు. గుండ్రంగా కత్తిరించిన ఫోటో, నక్షత్రంలా కత్తిరించింది, పువ్వులా, మబ్బులా, గుడ్డులా, హార్టు షేపులా. కప్పుల మీదికి, తాళంచెవుల గొలుసులకి, చెక్క స్టాండ్లకి ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారంలో కత్తిరించి ఇస్తారు. ఆ కత్తిరింపు పని అత్తది. కత్తెర ముట్టుకోకుండా, మౌసుతో కత్తిరిస్తుంది. అయినా వీధి వీధంతా ఆవిణ్ణి కత్తెరత్త అనే పిలుస్తారు.

భర్త పోయాక తమ్ముడి కూతురు వచ్చి చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టింది. అప్పటికి అత్తకి అక్షరం ముక్క రాదు. ఏ కవరు ఎవరిదో తెలియాలి కదా, అందుకని మేనకోడలు ప్రతి ఆర్డరు కవరు మీదా అగ్గిపెట్టంత చిన్న ఫోటో ఒకటి అతికించేది. అత్త ఆ బొమ్మ చూసి, వచ్చిన మనిషి మొహం చూసి, కవరు తీసి ఇచ్చేది. తర్వాత మధ్యాహ్నాలు కౌంటరు దగ్గరే కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. మొదటిసారి ఒక కవరు మీద పేరు తనంతట తను చదివిన రోజున అంది, "ఇంకా ఈ బొమ్మలెందుకే? నేనేమన్నా చంటిపిల్లనా? పేరు రాయి చాలు." మేనకోడలు నవ్వి సరేనంది. అప్పట్నుంచీ కవర్ల మీద పేర్లే. బొమ్మలు లేవు. ఆ కవర్ల దొంతర చూసినప్పుడల్లా అత్తకి ఛాతీ కొంచెం పొంగేది.

ఆ పొద్దున మేనకోడలు కెమెరా సంచి భుజాన వేసుకుంటూ చెప్పింది. "అత్తా, స్కూలుకి వెళ్తున్నా. నాలుగొందల మంది పిల్లలకి కార్డు ఫోటోలు. ఫోను ఎత్తలేను. నువ్వు మూడంటే మూడు పనులు చెయ్యి. కప్పు మీదికి గుండ్రం ఒకటి, గొలుసుకి నక్షత్రం ఒకటి, టైలరమ్మది హార్టు. టైలరమ్మ నాలుగింటికి వస్తుంది. ఐదింటికి ఆవిడకి బస్సు."

"తెలుసులే తల్లీ, వెళ్ళు."

"కాపీ తీసుకుని..."

"కాపీ తీసుకుని కాపీ మీదే చెయ్యాలి, అసలుదాన్ని ముట్టుకోకూడదు. వెయ్యిసార్లు చెప్పావు. వెళ్ళవే, బస్సు పోతుంది."

టైలరమ్మ ఫోటో సంగతి అత్తకి బాగా తెలుసు. పోయిన వారం పగిలిన ఫోను పట్టుకొచ్చి, కేబుల్ పెట్టించి ఎక్కించింది. అందులో అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. అటూ ఇటూ టైలరమ్మా, ఆవిడ చెల్లెలూ. కింద నేల మీద ముగ్గురు పిల్లలు. వెనకాల సరిగ్గా నడుమ, తాటిచెట్టంత మనిషి, అమ్మ కుర్చీ మీద చేతులు వేసి నిలబడ్డాడు. లారీ నడిపే పెద్దన్నయ్య. మూడు నెలల కిందట రోడ్డు మీదే పోయాడు.

"ఎప్పుడూ రోడ్డు మీదే కదత్తా. ఇంట్లో అందరం ఉన్న ఫోటో ఇదొక్కటే," అంది టైలరమ్మ ఆ రోజు. "చెల్లికి పంపుదామంటే, 'బొజ్జ కనిపిస్తోందే, పంపావంటే చంపుతా, ఇంకోసారి ఊపిరి బిగబట్టి దిగుతా' అన్నాడు. ఎవరికీ పంపలేదు."

అత్త గుడ్డు ఆకారం చూపించింది. అందులో ఎవరి తలా పోదు, భయం లేదు. టైలరమ్మ తల అడ్డంగా ఊపేసింది. "వద్దు, పోయినవాళ్ళ ఫోటోకి పెట్టే ఆకారంలా ఉంది. అమ్మకి ఇచ్చేది. హార్టే చెయ్యండి."

రెండు రోజుల తర్వాత మళ్ళీ తలుపు తోసుకుని వచ్చి చెప్పింది. "ఫోను పూర్తిగా చచ్చిపోయిందత్తా. బాగుచేసేవాడు ఇంక లాభం లేదన్నాడు. మీ దగ్గరున్నదొక్కటే ఇంక. జాగ్రత్త."

ఆ "జాగ్రత్త" అన్న మాట అత్త చెవిలో వారం నుంచీ జోరీగలా తిరుగుతూనే ఉంది.

గుండ్రం పనికి కాపీ తీసుకుని చేసింది. నక్షత్రానికీ కాపీ తీసుకుంది. నక్షత్రం మధ్యలో ఉండగా లైటు ఒకసారి మిణుకుమంది. కరెంటు పోతే ఆదుకోవాల్సిన డబ్బా బల్ల కింద ఉందిగానీ, అది ముసలిదైపోయి పది అంకెలు లెక్కపెట్టేలోగా కూతపెట్టి పడుకుంటుంది. అందుకే అత్తకి ఒక అలవాటు పట్టుకుంది. ఏ చిన్న పని చేసినా వెంటనే సేవ్ నొక్కేది. గీత గీస్తే సేవ్, రంగు దిద్దితే సేవ్. "నీకు చేతికి సేవ్ జబ్బు పట్టిందత్తా," అని మేనకోడలు ఎగతాళి చేసేది. చేస్తే చెయ్యనీ. చేసిన పని నీళ్ళలో పోయడంకంటే ఎగతాళి నయం.

టైలరమ్మ ఫోటో తెరిచేసరికి పన్నెండు దాటింది. లైటు ఇంకోసారి మిణుకుమంది. త్వరగా కానిచ్చెయ్యాలి, కరెంటు పోయేలోగా అయిపోవాలి అన్న ఆదుర్దాలో అత్త నేరుగా ఆకారాల పెట్టె తెరిచి హార్టు తీసి ఫోటో మీద పెట్టేసింది. కాపీ తియ్యలేదు. ఆ సంగతి అప్పుడు తట్టనే లేదు.

హార్టు కింద మొనదేలి ఉంటుంది కదా. నేల మీద కూర్చున్న పిల్లల్లో ఇద్దరు చివరలకి పడ్డారు. చిన్నదాని కాలు బయటికి పోతోంది. అత్త హార్టుని కొంచెం పెద్దది చేసింది. ఇంకా బొటనవేలు పోతోంది. హార్టుని కొంచెం కిందికి లాగింది. ఆ వేలు లోపల పడిందో లేదో తెలియడానికి అక్కడ పెద్దగా చేసి చూసింది. తెరంతా ఆ పిల్ల పాదమే. పడింది. వేలు, గోరుతో సహా లోపల పడింది. "హమ్మయ్య," అనుకుని కత్తిరించే మీట, క్రాప్ నొక్కింది. చెయ్యి ఆగలేదు, అలవాటుకొద్దీ సేవ్ కూడా నొక్కేసింది.

అప్పుడే కరెంటు పోయింది. బల్ల కింద డబ్బా కుయ్యోమని కూసి ఆగిపోయింది.

అత్త ఫ్యాను లేని ఉక్కలో కూర్చుని కొంగుతో విసురుకుంటూ తనను తనే మెచ్చుకుంది. చూశావా, సేవ్ చెయ్యకపోతే ఏమయ్యేది?

ఒంటిగంటన్నరకి కరెంటు వచ్చింది. కంప్యూటరు లేచి, ఒళ్ళు విరుచుకుని, సిద్ధమయ్యేసరికి ఇంకో పది నిమిషాలు. అత్త ఫోటో తెరిచింది.

పిల్లల కాళ్ళన్నీ ఉన్నాయి. అమ్మ ఉంది. టైలరమ్మ, చెల్లెలు ఉన్నారు. అమ్మ కుర్చీ మీద రెండు పెద్ద చేతులున్నాయి, చొక్కా ఉంది, బొజ్జ ఉంది, మెడ ఉంది. హార్టు పైన మధ్యలో ఉండే నొక్కు సరిగ్గా మెడ మీదికి దిగి ఉంది. పైన తెల్లటి ఖాళీ. పెద్దన్నయ్యకి తల లేదు.

కింద పిల్ల వేలు కోసం హార్టుని కిందికి లాగినప్పుడు పైన నొక్కు కూడా కిందికి దిగింది. అప్పుడు తెర మీద పైభాగం లేదు. పాదమే ఉంది.

అత్త వెనక్కి తీసుకునే మీట నొక్కింది. కదల్లేదు. మళ్ళీ నొక్కింది. కంప్యూటరు ఒకసారి ఆగి లేచాక దానికి పాత జ్ఞాపకాలు ఉండవు. అది మేనకోడలు చెప్పిన మాటే. చెమట చెంపల మీదుగా కారి మెడలోకి దిగింది. మేనకోడలికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మళ్ళీ చేసింది. అంతే.

ఫోటో మూసింది. మూయగానే ఫోల్డర్లో వరసగా ఉండే చిట్టి బొమ్మలు కనిపించాయి. ఆ చిట్టి బొమ్మలో ఫోటో నిండుగా ఉంది. కంప్యూటరుకింకా కబురు అందినట్టు లేదు. నువ్వుగింజంత తలతో పెద్దన్నయ్య నిలబడే ఉన్నాడు. తెరిస్తే లేడు. మూస్తే ఉన్నాడు. తెరిస్తే లేడు. మూస్తే ఉన్నాడు.

ఇంక దేన్నీ ముట్టుకోవడానికి భయమేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈగ వాలితే మౌసు కదులుతుందేమోనని ఈగని తోలుతూ కూర్చుంది. గోడ మీద గడియారం రెండుంపావు చూపిస్తోంది.

పక్క కొట్టు జిరాక్సాయన సిరా మరకల చేతులతో తలుపు తోసుకుని వచ్చాడు. "అక్కయ్యా, చిల్లర... ఏంటలా ఉన్నావు? దెయ్యాన్ని చూసినట్టు?"

అత్త జరిగింది చెప్పింది.

"ఓస్, ఇంతేనా? ఇంకో తల పెట్టెయ్. నా తల పెట్టు, బొజ్జకి బొజ్జ కూడా సరిపోతుంది."

"నోరు ముయ్యవయ్యా. మనిషి పోయాడు."

జిరాక్సాయన నాలుక కరుచుకున్నాడు. వంగి చిట్టి బొమ్మని చూశాడు. "ఉన్నాడుగా! దీన్నే పెద్దది చేద్దాం ఉండు."

"ముట్టుకోకు!"

ఆ మాట నోట్లోంచి వచ్చేలోపే ఆయన వేలు ఒక మీట మీద పడింది. తెర రెప్పపాటు మెరిసింది. బొమ్మలన్నీ ఒకసారి మాయమై, ఒక్కొక్కటే మళ్ళీ వచ్చాయి. పెద్దన్నయ్య కూడా వచ్చాడు. తల లేకుండా.

జిరాక్సాయన వేలు వెనక్కి తీసుకుని, అది తనది కానట్టు దాని వైపు చూసుకున్నాడు.

"అక్కయ్యా, ఒట్టు, నేను..."

"వెళ్ళు బాబూ. నీ మీద కోపం లేదు. వెళ్ళు."

ఆయన చిల్లర అడగడం మరిచిపోయి వెళ్ళిపోయాడు.

అత్త కాలుగాలిన పిల్లిలా కౌంటరుకీ తలుపుకీ మధ్య తిరిగింది. తాళం వేసుకుని వెళ్ళిపోతే? టైలరమ్మ వచ్చి తలుపు కొట్టి బస్సు తప్పుతుందని వెళ్ళిపోతుంది. ఆ తర్వాత? ఆ తర్వాత కూడా తల ఉండదు. ఆ మనిషి మొహం ఎలా ఉందో గుర్తుతెచ్చుకుందామని చూసింది. మీసం ఉంది. ఉందా? నవ్వుతున్నాడు. పళ్ళు కనిపించాయా? వారం రోజులు తన కళ్ళ ముందున్న మొహం. పిల్ల కాలివేలి గోరు కూడా గుర్తుంది, ఆ మొహం మాత్రం రాలేదు.

మూడుంపావుకి ఫోను మోగింది.

"అత్తా, ఏడుసార్లు చేశావు! ఏమైంది? ఒంట్లో బాగానే ఉందా?"

"నేను బాగానే ఉన్నానే. టైలరమ్మ వాళ్ళన్నయ్య తల పోయింది."

"ఏంటి?"

అత్త మొదట్నుంచీ చెప్పింది. అవతల పిల్లల గోల, ఎవరో టీచరు అరుపులు. మేనకోడలు ఒక్కటే అడిగింది. "కాపీ?"

"తియ్యలేదే."

"అత్తా! వెళ్ళేముందు నోటితో చెప్పించాను కదా! నువ్వే చెప్పావు కదా!"

"చెప్పానే. చెప్పాను. లైటు మిణుకుమంటే భయపడ్డాను. ఏ గడ్డీ తోచలేదు."

మేనకోడలు ఊపిరి గట్టిగా వదిలింది. తిట్టడానికి మాటలు వెతుక్కుంటోందనుకుంది అత్త. కానీ ఆ పిల్ల గొంతు మారిపోయి, కౌంటరు వెనక దాక్కున్న చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

"అత్తా... టైలరమ్మ ఆర్డరు కవరు తియ్యి."

తీసింది. మీద పేరు, రోజు, "హార్టు, చెక్క స్టాండు" అని మేనకోడలి రాత.

"కవరు లోపల అట్టముక్క ఉంటుంది కదా. వంగిపోకుండా పెట్టేది. అది బయటికి తీసి వెనక్కి తిప్పు."

అత్త అట్టముక్క వెనక్కి తిప్పింది. దాని మీద అగ్గిపెట్టంత ఫోటో అతికించి ఉంది. మంచి ఫోటో కాగితం మీద. అమ్మ, పిల్లలు, అందరూ. వెనకాల నడుమ పెద్దన్నయ్య. మీసం ఉంది. పళ్ళు కనిపించడం లేదు. నవ్వు ఆపుకుంటున్నాడు.

అత్త కళ్ళు మూసుకుని తెరిచింది. ఉన్నాడు.

"దొరికిందా?"

"దొరికిందే."

"స్కానరులో పెట్టు. ఉన్నదాంట్లో ఎక్కువ నాణ్యత పెట్టి తియ్యి. అరచెయ్యంత హార్టుకి సరిపోతుంది. కొంచెం మసక వస్తుంది. ఆవిడకేమీ చెప్పకు. ఆవిడ ఊరి నుంచి తిరిగొచ్చాక నేను మాట్లాడతా."

ఫోను పెట్టెయ్యాలి. పెట్టలేకపోయింది. "ఇదొక్కదానికేనా?" అని అడిగింది అత్త.

"ఏది?"

"ఈ బొమ్మ. దీనికొక్కదానికే పెట్టావా?"

అవతల ఎవరో విజిల్ ఊదారు. "అన్నిటికీ పెడుతున్నానత్తా," అంది మేనకోడలు.

"నేను చదవగలనని చెప్పాక కూడా?"

"నీ చదువు మీద అనుమానం కాదత్తా. నా రాత కోడి గీకినట్టుంటుంది కదా, నీకెప్పుడన్నా అర్థం కాకపోతే అట్ట తిప్పి చూడమందామని..."

"నీ రాత ముత్యాల్లా ఉంటుందే," అంది అత్త, ఫోను పెట్టేసింది.

కవర్ల దొంతరలోంచి ఇంకోటి తీసింది. అట్ట వెనక బొమ్మ. ఇంకోటి. బొమ్మ. మూడేళ్ళుగా ఛాతీ పొంగించుకుని చూసిన దొంతర. దానిలోపల ఇన్ని మొహాలు అట్ట వెనక నక్కి ఉన్నాయన్నమాట, తను చదవలేకపోతే అక్కరకొస్తాయని. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అంతలోనే ఆ పిల్లని గట్టిగా వాటేసుకోవాలనీ అనిపించింది. రెండింటిలో ఏదీ చెయ్యడానికి టైము లేదు. మూడున్నర.

బొమ్మని అట్టనుంచి ఊడదియ్యడానికి వేడి టీ గ్లాసు మీద అట్టని పట్టుకుని ఆవిరి తగిలించింది. జిగురు వదులైంది. గోటితో మెల్లగా లేపింది. ఒక్క మూల చిరిగినా ఇంక దిక్కులేదు. చిరగలేదు. స్కానరులో పెట్టింది. ఆకుపచ్చ వెలుగు ఈ చివర్నుంచి ఆ చివరికి నత్తలా పాకింది. తెర మీద బొమ్మ వచ్చింది.

ముందు కాపీ తీసింది. దానికింకో కాపీ. ఇంకో ఫోల్డర్లో మూడోది. అప్పుడు హార్టు పెట్టింది. ఈసారి ఫోటోని చిన్నది చేసి, పైన గోడ రంగునే కొంచెం పొడిగించి, నొక్కు కింద పెద్దన్నయ్య తల వెంట్రుకలతో సహా పట్టేలా సర్దింది. మొత్తం కనిపించేలా వెనక్కి జరిగి చూసింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, ఎడమనుంచి కుడికి. అమ్మ, కూతుళ్ళిద్దరు, పిల్లలు ముగ్గురు, కొడుకు. ఏడు తలలు. వేలితో తెర మీద ముట్టుకుని లెక్కపెట్టింది. ఏడు. మళ్ళీ లెక్కపెట్టింది. అప్పుడు క్రాప్ నొక్కింది.

ప్రింటు స్టాండు మీద అతికిస్తుంటే గాజు తలుపు తెరుచుకుంది. టైలరమ్మ. మెడలో కొలత టేపు అలాగే ఉంది, తియ్యడం మరిచిపోయినట్టుంది. చేతిలో బస్సుకి సర్దుకున్న సంచి. "అయిందా అత్తా?"

అత్త స్టాండు చేతికిచ్చింది. టైలరమ్మ రెండు చేతులతో పట్టుకుంది. చాలాసేపు చూసింది. "చూడండి, ఈ బొజ్జకే ఎంత గోల చేశాడో," అంది. తర్వాత వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పింది. గుడ్డ నేత చూసే కళ్ళు అవి. "కాస్త మసకగా ఉందేం?"

మేనకోడలు చెప్పకు అంది. చెప్పకపోతే ఈ మనిషి ఇప్పుడు బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఏ ఆరు నెలలకో వచ్చి, అసలు ఫోటో పెద్దది చేసి గోడకి పెట్టుకుంటానంటుంది. ఇక్కడ కంప్యూటరులో పెద్దది ఉందన్న ధైర్యంతో ఉంటుంది.

"అమ్మా," అంది అత్త, "నేను పాడుచేశాను."

అంతా చెప్పింది. పిల్ల వేలు, కరెంటు, జిరాక్సాయన, అట్టముక్క. ఏదీ దాచలేదు. టైలరమ్మ వింటూ కొలత టేపు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, చుట్టుకుంటూ ఉంది.

"అంటే పెద్దది ఇంక లేదు."

"లేదమ్మా."

"ఎక్కడా లేదు."

"ఎక్కడా లేదు."

టైలరమ్మ స్టూలు మీద కూర్చుంది. "నేను గుడ్డ కత్తిరిస్తే లోపలికి రెండు వేళ్ళు వదిలి కత్తిరిస్తాను. ఎందుకో తెలుసా? తప్పు కొలిచి ఉంటే విప్పి సరిచెయ్యడానికి. ఎవరికీ కనపడదది. మీకు వదలడం ఎవరూ నేర్పలేదా?"

"నేర్పారమ్మా. నేనే వదల్లేదు."

"జాగ్రత్త అని చెప్పాను."

"చెప్పావు. వారం నుంచీ ఆ మాటే చెవిలో ఉంది. ఆ భయంతోనే..." అత్తకి మిగతాది చెప్పబుద్ధి కాలేదు. భయపడ్డానని చెప్పుకుంటే జాలి అడుక్కున్నట్టుంటుంది.

టైలరమ్మ గడియారం చూసింది. లేచింది. "ఆ చిన్నది ఇవ్వండి."

అత్త అగ్గిపెట్టంత బొమ్మని కాగితంలో మడిచి ఇచ్చింది. టైలరమ్మ అది విప్పి మళ్ళీ చూసుకుని, జాకెట్టులో దాచుకుంది. స్టాండుని సంచిలో చీరల మధ్య పెట్టింది. తలుపు దగ్గర ఆగింది.

"అమ్మ అడిగితే చెప్తాను. అడగదు. దాన్ని చూస్తూ కూర్చుంటుంది." వెళ్ళిపోయింది. మంచి మాట అనలేదు, చెడ్డ మాటా అనలేదు. ఆ రెండోది అని ఉంటే కొంచెం తేలికయ్యేదని అత్త సాయంత్రం దాకా అనుకుంటూనే ఉంది.

మర్నాడు అత్త కవర్లన్నీ ముందేసుకుని కూర్చుంది. అట్టల వెనకున్న బొమ్మలన్నీ ఊడదీసి, కవర్ల మీద, అందరికీ కనిపించేలా అతికించింది. ఒక్కో బొమ్మ కింద తన చేత్తో పేరు రాసింది. మేనకోడలు చూసి, ఏమనాలో తెలియక, "నీ రాత బాగుందత్తా," అంది. "కోడి గీకినట్టుంది," అంది అత్త. ఇద్దరూ నవ్వలేదు. కాసేపాగి ఇద్దరికీ నవ్వొచ్చింది.

తొమ్మిది రోజులకి టైలరమ్మ వచ్చింది. కొత్త ఫోను తెచ్చింది. టైలరమ్మ ఫోను కౌంటరు మీద పెట్టి, స్టూలు లాక్కుని, కంప్యూటరు కనిపించేలా కూర్చుంది.

"అమ్మ ఫోటోలు తీశాను. ఆ స్టాండు పట్టుకుని కూర్చుంది. గుండ్రంగా చెయ్యండి. ముందు కాపీ తియ్యండి. నేను చూస్తుండగా."

అత్త కాపీ తీసింది. టైలరమ్మ చూసింది.

"ఇంకోటి."

అత్త ఇంకోటి తీసింది.

ఇప్పటికీ క్రాప్ నొక్కేముందు అత్త తలలు లెక్కపెడుతుంది, వేలితో ముట్టుకుంటూ. లైటు మిణుకుమంటే ఇప్పటికీ చెయ్యి సేవ్ మీదికి పోతుంది. అప్పుడు ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని ఆపుకుంటుంది.

ఇంతే. రాసిన తప్పులకి మళ్ళీ మన్నించండి.

కత్తెరత్త. అరవై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉంటున్నది స్టూడియో మీది గదిలో. మెట్లు వెనక వైపు.